కొత్త పాలిషింగ్ మెషిన్: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో కార్లకు పాలిష్ పట్టడం నా వృత్తి. కొత్త మెషిన్ కొన్నవాళ్లు పెట్టె విప్పిన రోజే ఫోను చేస్తుంటారు. వాళ్లు అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: కొత్త మెషిన్‌ను గంటల తరబడి ఖాళీగా, ఫుల్ స్పీడులో తిప్పితేనే మోటారు దారికొస్తుంది.

వాస్తవం: కుదురుకోవాల్సినవి ముఖ్యంగా కార్బన్ బ్రష్‌లు, అంటే మోటారుకు కరెంటు అందించే రెండు కార్బన్ ముక్కలు. అవి ఆనుకునే కమ్యుటేటర్, అంటే మోటారుతో పాటు తిరిగే రాగి భాగం, గుండ్రంగా ఉంటుంది. ఆ వంపుకు తగ్గట్టు అరిగే దాకా కొత్త కార్బన్ సరిగా ఆనదు, తాకీ తాకని చోట నిప్పురవ్వలు లేస్తాయి. గాలి రంధ్రాల్లోంచి చూస్తే సన్నని నీలి మెరుపులు కనిపిస్తాయి. కాస్త వేడెక్కిన వాసన కూడా వస్తుంది. ఇదంతా మామూలే. నేనైతే ప్యాడ్‌కు కొద్దిగా కాంపౌండ్ (పాలిష్ ముద్ద) రాసి, పాత బానెట్ మీద ఆనించి, రెండో నంబరు స్పీడులో పది నిమిషాలు, నాలుగో నంబరులో మరో ఐదు నిమిషాలు నడుపుతాను. అదమను, మెషిన్ బరువే చాలు. గేర్లున్న రోటరీ (ఊగకుండా ఒకే చోట గిర్రున తిరిగే రకం) అయితే ఈలోగా గ్రీజు కూడా సర్దుకుంటుంది. మాన్యువల్‌లో వేరే పద్ధతి ఉంటే అదే పాటించండి. మెరుపులు తగ్గకుండా కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయం కట్టినా, పొగ వచ్చినా వెంటనే ఆపి దుకాణంలో తిరిగిచ్చేయండి.

డ్యుయల్ యాక్షన్ మెషిన్‌ను (ఊగుతూ తిరిగే రకాన్ని) ప్యాడ్ లేకుండా మాత్రం తిప్పకండి. లోపలి ప్రతిబరువును ప్లేటు (ప్యాడ్ అంటించే పళ్లెం), ప్యాడ్ రెండింటి బరువుకు సరిపడేలా అమర్చుతారు. ప్యాడ్ లేకపోతే ఆ తూకం తప్పి వణుకంతా బేరింగుల మీద, మీ మణికట్టు మీద పడుతుంది.

అపోహ: అదిమితే ప్లేటు ఆగిపోతోందంటే మెషిన్ పాడైనట్టే.

వాస్తవం: పోయిన వేసవిలో ఒక కుర్రాడు కొత్త డ్యుయల్ యాక్షన్ మెషిన్ పట్టుకొచ్చి, "అన్నా, ఇది వణుకుతోందే గానీ తిరగడం లేదు" అన్నాడు. ప్లేటు అంచు మీద మార్కరుతో ఒక గీత గీసి, నడపమన్నాను. భుజబలమంతా పెట్టి అదిమాడు. గీత కదలలేదు. చేతులు వదులు చేసి, ప్యాడ్‌ను బానెట్‌కు సమంగా ఆనించమన్నాను. గీత నింపాదిగా తిరగసాగింది. ఈ రకంలో మోటారు ప్లేటును చిన్న వలయంలో ఊపుతుంది, ప్లేటు తన బేరింగు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. గట్టిగా అదిమినా, ప్యాడ్ ఒక పక్కకు వాలినా ఆగుతుంది. 21 మిల్లీమీటర్ల ఊపున్న పెద్ద మెషిన్లు కారు వంపుల దగ్గర ఇంకా త్వరగా ఆగుతాయి. ప్లేటును గేరుతో తిప్పే డ్యుయల్ యాక్షన్ రకం అలా ఆగదు గానీ వేడి ఎక్కువ పుట్టిస్తుంది. ఆ మార్కరు గీతను నేను ఇప్పటికీ ప్రతి ప్లేటు మీదా గీస్తాను.

అపోహ: చెయ్యి తిరగడానికి సొంత కారుతో మొదలుపెట్టవచ్చు.

వాస్తవం: ఫ్యాక్టరీ పెయింటు మీది క్లియర్ కోటు (రంగు లేని పై పూత) మందం సాధారణంగా 40-50 మైక్రాన్లు. తల వెంట్రుక దాదాపు 70 ఉంటుంది. రోటరీని అంచుల మీద రెండు క్షణాలు ఎక్కువ ఆపితే అడుగు రంగు బయటపడుతుంది. నా మొదటి రోటరీతో మా బావగారి కారు డోరు అంచు అలాగే కాల్చాను. ఆయన ఇప్పటికీ కారు దిగి, డోరు వేసి, ఒకసారి నా వైపు చూస్తారు. ఆటోనగర్‌లో వెతికి ఒక పాత బానెట్ తెచ్చుకోండి.

అపోహ: అమెరికా నుంచి తెప్పించుకున్న మెషిన్‌కు పిన్ను మార్చే అడాప్టర్ చాలు.

వాస్తవం: అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. అడాప్టర్ మార్చేది పిన్ను ఆకారాన్నే. అలా తగిలిస్తే మోటారు కాలిపోతుంది. దానికి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఆ బరువును కారు చుట్టూ మోయడం కన్నా ఇక్కడే ఒక మెషిన్ కొనుక్కోవడం నయం.

అపోహ: బ్యాటరీ మెషిన్‌ను మొదటిసారి రాత్రంతా చార్జింగ్ పెట్టాలి.

వాస్తవం: అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. లిథియం అయాన్‌కు అవసరం లేదు.

అపోహ: ఈ కుదురుకోవడమంతా మెషిన్ జీవితంలో ఒక్కసారే.

వాస్తవం: కార్బన్‌లు అరిగాక రెండూ కలిపే మార్చాలి. మార్చిన ప్రతిసారీ ఆ పావుగంట మళ్లీ పాత బానెట్ మీదే.