ఫ్రాషరి అనే ఇంటిపేరు: అపోహలు, వాస్తవాలు

అల్బేనియా ప్రముఖుల పట్టిక తయారు చేయడానికి కూర్చుంటే మొదట చిక్కు పెట్టే ఇంటిపేరు ఫ్రాషరి. అల్బేనియన్ల జాతీయ సంస్థ అయిన ప్రిజ్రెన్ లీగ్ నాయకుడు ఫ్రాషరి, జాతీయ కవి ఫ్రాషరి, నిఘంటుకర్త ఫ్రాషరి, ప్రధానమంత్రి ఫ్రాషరి, చరిత్రకారుడు ఫ్రాషరి, రంగస్థల నటుడు ఫ్రాషరి. విజ్ఞాన సర్వస్వాలకూ గ్రంథసూచికలకూ పేర్లు కూర్చేవాళ్లు ఇక్కడ రెండు రకాల తప్పులు చేస్తారు. ఉన్న ఒక్క మనిషిని ఇద్దరుగా విడగొడతారు, లేదా ఇద్దరు మనుషుల్ని ఒకరిగా కలిపేస్తారు. కింద రాసినవి చాలావరకు ఈ రెండింట్లో ఏదో ఒకటి.

అపోహ: ఫ్రాషరిలంతా ఒకే కుటుంబం.

వాస్తవం: ఒకే ఊరు, అంతవరకే. ఫ్రాషర్ అనేది దక్షిణ అల్బేనియాలో పర్మెట్ ప్రాంతపు కొండ పల్లె. అల్బేనియన్ భాషలో పుంలింగ నామం చివర 'ఇ' చేరితే 'ఆ ఫలానా' అనే నిర్దిష్టత వస్తుంది. అలా ఫ్రాషర్ ఫ్రాషరి అయింది. పటాల్లో ఊరి పేరు రెండు రూపాల్లోనూ కనబడుతుంది, చూసి రెండు ఊళ్లనుకోవద్దు. ఈ మార్పు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కందుకూరు కందుకూరి అయింది, వేటూరు వేటూరి అయింది. మన 'ఇ' ఔపవిభక్తికం, వాళ్లది నిర్దిష్ట ప్రత్యయం. వ్యాకరణం వేరైనా ఫలితం ఒకేలా ఉంటుంది: ఊరి పేరు ఇంటిపేరవుతుంది, ఆ ఊరు వదిలిన ఏ కుటుంబమైనా దాన్ని వెంట తీసుకెళ్తుంది. కందుకూరివాళ్లంతా వీరేశలింగం పంతులుగారి చుట్టాలు కారు కదా.

కాబట్టి పట్టికలో 'తండ్రి పేరు' అనే గడి తప్పనిసరి. మనవాళ్లు ఇంటిపేరు కలిసిందనగానే గోత్రం అడుగుతారే, ఈ గడి చేసే పని అదే. హాలిత్ బే కొడుకులు ముగ్గురు ప్రసిద్ధులు: ప్రిజ్రెన్ లీగ్ నాయకుడు అబ్దుల్ (1839–1892), జాతీయ కవి నైమ్ (1846–1900), నిఘంటుకర్త సామి (1850–1904). అబ్దుల్ కొడుకు మిద్‌హత్ (1880–1949). పట్టికలో ఒక గుత్తిగా పెట్టాల్సింది ఈ నలుగురినే. 1935–36లో ప్రధానిగా ఉన్న మెహ్దీ ఫ్రాషరి (1872–1963) ఆ ముగ్గురికి తమ్ముడూ కాదు, కొడుకూ కాదు. చరిత్రకారుడు క్రిస్టో ఫ్రాషరి (1920–2016) పేరులోనే క్రైస్తవ సంప్రదాయం కనిపిస్తుంది. హాలిత్ బే ఇల్లు ముస్లిం ఇల్లు, బెక్తాషీ సూఫీ మార్గానికి దగ్గరైనది. ఒకే ఇంటిపేరును రెండు మతాలవాళ్లు పెట్టుకోవడం అల్బేనియాలో మామూలే. మతాన్ని బట్టి ఇంటిపేరునీ, ఇంటిపేరును బట్టి మతాన్నీ ఊహించకండి.

అపోహ: ఫ్రాషరి అంటే ఒక చెట్టు పేరు.

వాస్తవం: సగం నిజం. 'ఫ్రాషర్' అనే మాటకు ఆష్ చెట్టు అని అర్థం. క్రికెట్ స్టంపులకు వాడే కర్ర ఈ చెట్టుదే. కానీ చెట్టు పేరు ఇంటిపేరులోకి నేరుగా రాలేదు, మధ్యలో ఊరుంది. 'మూలం' అనే గడిలో ఊరు రాయండి, చెట్టు సంగతి బ్రాకెట్లో చాలు.

అపోహ: సామి ఫ్రాషరి, షెమ్సెద్దీన్ సామి ఇద్దరు వేర్వేరు రచయితలు.

వాస్తవం: ఒక్కరే. అన్నిటికంటే ఎక్కువగా దొర్లే పొరపాటు ఇది. కారణం కూడా తేలిగ్గానే అర్థమవుతుంది. ఈయన బతికింది ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యంలో. అక్కడి ముస్లింలకు అప్పట్లో ఇప్పటిలాంటి స్థిరమైన ఇంటిపేర్లు లేవు. సొంత పేరు, దాని వెనక బే లాంటి గౌరవపదం, కావాలంటే ఊరి గుర్తు, అంతే. తుర్కీవాళ్లు ఆయన్ని షెమ్సెద్దీన్ సామి అంటారు. 1872లో వెలువడిన తొలి తుర్కీ నవల రాసినవాడిగా, 1889–98 మధ్య ఆరు సంపుటాల విజ్ఞాన సర్వస్వం ఒంటి చేత్తో తెచ్చినవాడిగా ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. అల్బేనియన్లకు ఆయన సామి ఫ్రాషరి: 1879లో అల్బేనియన్ భాష కోసం చేసిన ఇస్తాంబుల్ వర్ణమాల తయారీలో ముఖ్యుడు, జాతీయోద్యమానికి ఆలోచన అందించిన మేధావి. తుర్కీ పుస్తకం చూసి ఒక ఎంట్రీ, అల్బేనియన్ పుస్తకం చూసి ఇంకో ఎంట్రీ తెరుస్తారు. రెండింట్లోనూ 1850–1904 అనే ఉన్నా కళ్లు పేరు మీదే ఉంటాయి కాబట్టి ఎవరూ గమనించరు.

నివారణ సులువే. కొత్త ఎంట్రీ తెరిచే ముందు పట్టికను పేరుతో కాకుండా పుట్టిన, పోయిన సంవత్సరాల జంటతో వెతకండి. రెండు సంవత్సరాలూ కలిస్తే ఆగి, పుట్టిన ఊరు సరిపోల్చండి. అదీ కలిస్తే కొత్త ఎంట్రీ వద్దు, 'షెమ్సెద్దీన్ సామి: చూ. ఫ్రాషరి, సామి' అని ఒక దారిమళ్లింపు చాలు. తేదీ మాత్రం నమ్మకండి. ఉస్మానియా ఆర్థిక పంచాంగం పాత జూలియన్ లెక్క మీద నడిచింది. 19వ శతాబ్దంలో దానికీ గ్రెగోరియన్ లెక్కకీ తేడా 12 రోజులు. అందుకే ఒకే సంఘటనకు రెండు తేదీలు దొరుకుతాయి.

మిద్‌హత్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. లూమో స్కెందో పేరుతో రాసిందీ ఆయనే. అది కలం పేరు.

అపోహ: 'బే' ఇంటిపేరులో భాగం.

వాస్తవం: కాదు, మన 'గారు' లాంటిది. 'బే, అబ్దుల్' అని అకారాదిలో పెట్టడం 'గారు, సుబ్బారావు' అని పెట్టినట్టుంటుంది.

అపోహ: తండ్రి ఫ్రాషరి అయితే కొడుకూ ఫ్రాషరే.

వాస్తవం: సామి కొడుకునే చూడండి. 1905లో గలతసరాయ్ ఫుట్‌బాల్ క్లబ్ పెట్టినవారిలో ముఖ్యుడైన అలీ సామి యెన్ (1886–1951) ఆయన కొడుకే. 1934లో తుర్కీ రిపబ్లిక్ ఇంటిపేర్ల చట్టం చేసింది. ప్రతి పౌరుడూ ఒక ఇంటిపేరు ఎంచుకోవాల్సి వచ్చింది. ఈయన 'యెన్' తీసుకున్నాడు. తుర్కీలో ఆ మాటకు 'ఓడించు' అని అర్థం, ఫుట్‌బాల్ మనిషికి ఇంతకన్నా నప్పే పేరు దొరకదు. ఫ్రాషరి పట్టికలో ఈయనకు సొంత ఎంట్రీ ఉండకూడదు, సామి ఎంట్రీ కింద 'కొడుకు' అన్న చోట ప్రస్తావన ఉండాలి. 1934కు ముందు తుర్కీ నేల మీద బతికిన ప్రతి అల్బేనియన్ విషయంలోనూ పిల్లల ఇంటిపేరు విడిగా సరిచూసుకోవాలి.

అపోహ: పుస్తకం మీద 'నైమ్ ఫ్రాషరి' అని ఉంటే రచయిత నైమ్ ఫ్రాషరే.

వాస్తవం: కమ్యూనిస్టు కాలంలో తిరానాలోని ప్రభుత్వ ప్రచురణాలయం పేరు నైమ్ ఫ్రాషరి. శీర్షిక పుటలో రచయిత పేరు పైన ఉంటుంది, ప్రచురణాలయం పేరు అడుగున ఊరి పేరుతో, సంవత్సరంతో కలిసి ఉంటుంది. దాని ముందు 'ష్తపియా బొతూఎసె', అంటే ప్రచురణ గృహం, అని కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. యంత్రంతో చదివించిన జాబితాల్లో 1960, 70ల అనువాదాలు ఎన్నో 1900లో చనిపోయిన కవి ఖాతాలో పడిపోయేది ఇందుకే. ఆ పేరుతో ఒక ప్రభుత్వ పురస్కారం కూడా ఉండేది. 'నైమ్ ఫ్రాషరి' పొందాడని ఎవరి జీవిత చరిత్రలోనైనా ఉంటే అది పతకం. అల్బేనియా 200 లెక్‌ల నోటు మీద బొమ్మ మాత్రం కవిదే.

ఇది చాలదన్నట్టు నైమ్ ఫ్రాషరి అనే నటుడు (1923–1975) కూడా ఉన్నాడు. పేరు అక్షరం పొల్లు పోకుండా అదే. ఇలాంటి చోట బ్రాకెట్లో వృత్తి రాయండి: 'నైమ్ ఫ్రాషరి (కవి)', 'నైమ్ ఫ్రాషరి (నటుడు)'. సంవత్సరం ఒక్కటే ఇస్తే చదివేవాడికి ఎవరు ఎవరో తెలియదు.

అపోహ: యుద్ధకాలపు 'ఎం. ఫ్రాషరి' ఒక్కడే.

వాస్తవం: ఇద్దరు, ఇద్దరూ రాజకీయ నాయకులే. మిద్‌హత్ 1942లో ఏర్పడిన బల్లీ కొంబెతార్ అనే జాతీయవాద సంస్థకు నాయకుడు. మెహ్దీ 1943లో జర్మన్ ఆక్రమణ కింద ఏర్పడిన రాజప్రతినిధి మండలికి అధ్యక్షుడు. ఆ కాలపు విదేశీ నివేదికల్లో పొడి అక్షరం మాత్రమే ఉంటే పదవిని బట్టి తేల్చాలి. అల్బేనియన్ వర్ణమాల కోసం 1908లో జరిగిన మనస్తిర్ మహాసభకు అధ్యక్షత వహించిన ఫ్రాషరి అంటే మిద్‌హత్. 1935 నాటి ప్రధాని అంటే మెహ్దీ. 1949లో న్యూయార్క్‌లో చనిపోయింది మిద్‌హత్. ఆయన అవశేషాల్ని 2018లో అల్బేనియాకు తెచ్చారు. సమాధుల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి: అబ్దుల్, నైమ్‌ల సమాధులు తిరానా పెద్ద పార్కులో ఉన్నాయి, సామి సమాధి ఇస్తాంబుల్‌లోనే ఉంది. ముగ్గురినీ కలిపి ఒకే చోట రాసేయకండి.

అపోహ: రోమన్ లిపిలో ఉన్నది ఇంగ్లీషులా చదివి తెలుగులో రాస్తే చాలు.

వాస్తవం: నేటి అల్బేనియన్ వర్ణమాలకు 1908 మనస్తిర్ సభే పునాది. అందులో 36 అక్షరాలు, వాటిలో తొమ్మిది జంటాక్షరాలు. పైన రెండు చుక్కలున్న రోమన్ 'ë' అక్షరాన్ని 'ఎ' అని చదవకూడదు, అది మన 'అ'కు దగ్గర. అందుకే ఫ్రాషెరి కాదు, ఫ్రాషరి; పెర్మెట్ కాదు, పర్మెట్. అబ్దుల్ పేరులోని 'వై' పలికేది ఉ, ఇల మధ్య ధ్వని. తెలుగులో దానికి అక్షరం లేదు, 'ఉ'తో సరిపెట్టుకోవాలి. మిద్‌హత్ పేరు మధ్యలో కామా లాంటి గుర్తు అలంకారం కాదు. 'డి', 'హెచ్' పక్కపక్కన ఉంటే అల్బేనియన్‌లో అవి కలిసి ఒకే అక్షరమైపోతాయి. వాటిని విడగొట్టడానికే ఆ గుర్తు. మనం 'మిధత్' అని రాస్తే ఆ గుర్తు చెప్పినదాన్ని చెరిపేసినట్టే.

మూలంలో వెతికేటప్పుడు కనీసం మూడు వర్ణక్రమాలు ప్రయత్నించండి: చుక్కలతో, చుక్కలు లేకుండా, తుర్కీ పద్ధతిలో 'ఎస్' కింద తోకతో. ఒక్కదానితోనే వెతికితే సగం ఫలితాలు బయటికి రావు.

అపోహ: హోజాలందరూ ఎన్వర్ హోజా బంధువులు.

వాస్తవం: ఫ్రాషరికి ఊరైనా ఒక్కటే, హోజాకు అదీ లేదు. అది వృత్తి పేరు: మతగురువు, బడిపంతులు. పారశీక 'ఖ్వాజా' తుర్కీలో 'హోజా' అయి అక్కడికి చేరింది. మన హైదరాబాదు వైపు పేర్లలో వినిపించే ఖాజా కూడా ఆ మాటే. (కాకినాడ కాజాతో కలపకండి.) గురువు లేని ఊరుండదు గనక ఈ ఇంటిపేరు లేని చోటు దొరకడం కష్టం. అల్బేనియాను 1944 నుంచి 1985 వరకు ఏలిన ఎన్వర్ హోజా జీరోకాస్తర్ మనిషి. యుగొస్లావియా అధ్యక్ష మండలిలో 1974–84 మధ్య సభ్యుడైన ఫాదిల్ హోజా కొసావోలోని జాకోవా మనిషి. 2011లో కొసావో విదేశాంగ మంత్రి అయిన ఎన్వర్ హోజాయ్ ఇంటిపేరు చివర 'ఆయ్' ఉంది. అది 'ఫలానా వారి వంశం' అని చెప్పే ప్రత్యయం, ఇంటిపేరే వేరు. అచ్చుతప్పు అనుకుని 'సరిదిద్దితే' మంత్రి నియంత అయిపోతాడు.

రోమన్‌లో 'ఎక్స్', 'హెచ్' కలిస్తే 'జ'. తెలుగు పత్రికల్లో కనిపించే 'హోక్సా', 'హోక్షా' రెండూ తప్పే.

ఇస్తాంబుల్ దారుల్‌ఫునూన్ (విశ్వవిద్యాలయం) తొలి అధిపతి, 1881లో చనిపోయిన అల్బేనియన్ పండితుడు హసన్ తహ్సీనిని 'హోజా తహ్సీన్' అంటారు. ఇక్కడ హోజా ఇంటిపేరు కాదు, బిరుదు. ఆ మాట ఇక్కడ పేరుకు ముందు ఉంది, ఇంటిపేరైతే వెనక ఉండేది ('బే' మాత్రం గౌరవపదమైనా వెనకే వస్తుంది). ఆయన్ని 'హ' కింద ఇంటిపేర్లలో కాకుండా 'త' కింద పెట్టాలి.