పాత రిజిస్టర్లలో పసివాళ్ల ఎదుగుదల

ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి బిడ్డ పుట్టగానే మంత్రసాని తూకం వేసేది. తర్వాత నర్సు ఇంటికొచ్చి చూసేది. తాగేది తల్లిపాలా, సీసాపాలా? ఏడాది నిండేసరికి బరువెంత? అన్నీ లెడ్జర్‌లో ఎక్కేవి. ఆ పుస్తకాలు దశాబ్దాలపాటు మూలపడి ఉన్నాయి. 1980ల్లో వైద్య పరిశోధకుడు డేవిడ్ బార్కర్ బృందం వాటిని బయటికి తీసి, ఆ బిడ్డల్లో ఎవరు ఏ జబ్బుతో పోయారో జతచేసి చూసింది. 5,654 మంది మగవాళ్ల లెక్కలు 1989లో అచ్చయ్యాయి. పుట్టినప్పుడూ, ఏడాదికీ బరువు తక్కువున్నవాళ్లలోనే గుండెజబ్బు మరణాలు ఎక్కువ. ఇదే సంగతి ఇప్పుడు పుట్టే పిల్లల్ని గమనించి తేల్చాలంటే అరవై ఏళ్లు ఆగాలి.

పాత రికార్డులు తిరగేస్తే కొత్త సంగతులు బయటపడతాయన్న ఈ మేలుకొలుపు పిల్లల మనసు గురించిన శాస్త్రానికి ముందే వచ్చింది. అమెరికాలోని ఓక్లండ్‌లో 1920-21లో పుట్టిన పిల్లల ఎదుగుదలను 1930ల మొదటి నుంచి నమోదు చేశారు. వాళ్లు పెరిగింది మహామాంద్యంలో, అంటే 1930ల ఆర్థిక సంక్షోభంలో. 1960ల్లో ఆ ఫైళ్లు తిరగేసిన సామాజిక శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ కొత్త ప్రశ్న వేశాడు: నాన్న సంపాదన పడిపోయిన ఇంట్లో పిల్లలకు ఏమైంది? మగపిల్లలు చిన్నాచితకా పనులకు వెళ్లారు, ఆడపిల్లలు ఇంటి పని నెత్తినేసుకున్నారు. చాలామంది తట్టుకుని నిలబడ్డారు. పక్కనే ఉన్న బర్క్‌లీలో 1928-29లో పుట్టిన మగపిల్లలకు మాత్రం దెబ్బ గట్టిగా తగిలింది. కష్టం అదే, కానీ అది వచ్చేసరికి వాళ్లింకా చంటిపిల్లలు. 'పిల్లలు ఇలా ఎదుగుతారు' అని ఎవరైనా చెప్తే, ఏ కాలం పిల్లలు, ఏ వయసులో అని అడగాలని నాకు నేర్పింది ఈ పోలికే.

చరిత్రకారులూ తప్పులు చేశారు. మధ్యయుగంలో బాల్యమనే భావనే లేదని 1960లో ఫిలిప్ ఆరియెస్ రాస్తే చాలామంది నమ్మేశారు. 1983లో లిండా పొలాక్ పాత డైరీలు, ఆత్మకథలు వందల సంఖ్యలో చదివి, 16వ శతాబ్దం నుంచీ తల్లిదండ్రులు పిల్లల కోసం ఎంత తల్లడిల్లారో చూపించింది. అయితే డైరీ రాసేందుకు చదువూ తీరికా కావాలి. అవి లేని ఇళ్ల పిల్లల కోసం కోర్టు కాగితాలు, చర్చి పుస్తకాలు, అనాథాశ్రమాల రిజిస్టర్లు వెతకాలి. ఆ పని ఇంకా చాలా మిగిలే ఉంది.