బాదిన్ మైదానం నుంచి బియెన్ హోవా దాకా: వియత్నాం పోరాటం వెనుక కథ

1945 సెప్టెంబర్ 2. హనోయ్‌లోని బాదిన్ మైదానం జనంతో కిటకిటలాడుతోంది. బక్కపల్చటి మనిషి ఒకాయన మైకు ముందు నిలబడి కాగితం చూసి చదువుతూ, మధ్యలో ఆగి అడిగాడు: "తోబుట్టువులారా, నా మాట స్పష్టంగా వినిపిస్తోందా?" వినిపిస్తోందని మైదానమంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆయన వాడిన మాట "దొంగ్ బావో". ఒకే కడుపున పుట్టినవాళ్లని దాని అర్థం. ఆ మనిషి హో చి మిన్.

ఆ రోజు ఆయన చదివింది వియత్నాం స్వాతంత్ర్య ప్రకటన. మనుషులందరూ సమానంగా పుట్టారన్న దాని మొదటి వాక్యం 1776 నాటి అమెరికా ప్రకటనలోది. ఊరికే తీసుకున్నది కాదు. అంతకు ఏడు వారాల ముందే అమెరికా గూఢచారి దళం ఒకటి పారాచూట్లతో ఉత్తర కొండల్లో దిగి, జపాన్ మీద పోరాడుతున్న వియత్ మిన్ (హో నడిపిన స్వాతంత్ర్య కూటమి) గెరిల్లాలకు శిక్షణ ఇచ్చింది. జ్వరంతో పడి ఉన్న హోకి ఆ దళంలోని వైద్య సహాయకుడే మందులిచ్చాడు. ఇరవై ఏళ్లు తిరగకుండానే అదే అమెరికా విమానాలు ఆ నేల మీద బాంబులు వేశాయి. వియత్నాం యుద్ధమంటే కమ్యూనిజానికీ స్వేచ్ఛా ప్రపంచానికీ మధ్య జరిగిన పోరు అని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అలా అనుకుంటే ఈ మలుపు అర్థం కాదు.

ఫ్రెంచి ఓడలు దనాంగ్ మీద దాడి చేసింది 1858లో. కమ్యూనిస్టు పార్టీ పుట్టింది 1930లో. ఆ మధ్య డెబ్బై ఏళ్లకు పైగా వియత్నామీయులు రాజు పేరుతో, ఊరి పేరుతో, దేశం పేరుతో తిరగబడుతూనే ఉన్నారు. ఫ్రెంచివాళ్లు దేశాన్ని టోంకిన్, అన్నాం, కొచ్చిన్‌చైనా అని మూడు ముక్కలు చేశారు. ఉప్పు, సారా, నల్లమందు అమ్మకం గుత్తగా తమ చేతుల్లో పెట్టుకున్నారు. ఉప్పు మీద పన్నంటే ఎంత కడుపుమంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. దక్షిణాన రబ్బరు తోటల్లో కూలీల బతుకు మరీ ఘోరం.

హో మొదట అడిగింది సాయుధ విప్లవం కూడా కాదు. 1919లో పారిస్ శాంతి సభకు ఆయన బృందం పంపిన వినతిపత్రంలో ఉన్నది రాజకీయ ఖైదీల విడుదల, పత్రికా స్వేచ్ఛ, సమాన చట్టం లాంటి కోరికలు. ఎవరూ పట్టించుకోలేదు. వలస దేశాల విముక్తి గురించి గట్టిగా మాట్లాడింది లెనిన్ ఒక్కడే అని ఆయనకు అనిపించింది. 1920లో ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీ పుట్టినప్పుడు అందులో చేరారు.

ఇక కరువు. 1940లో జపాన్ సైన్యం వచ్చింది. ఫ్రెంచి పాలకులు కుర్చీల్లోనే ఉండి వాళ్లకు సహకరించారు. వరి పండే నేలలో జనపనార, ఆముదం వేయించారు. పండిన ధాన్యాన్ని నిర్బంధంగా లాక్కున్నారు. అమెరికా బాంబుల వల్ల దక్షిణం నుంచి ఉత్తరానికి బియ్యం రవాణా దాదాపు ఆగిపోయింది. 1944-45 చలికాలంలో ఉత్తరాన జనం రోడ్ల మీదే ప్రాణాలు వదిలారు. చనిపోయినవారు నాలుగు లక్షలని ఒక అంచనా, ఇరవై లక్షలని ఇంకో అంచనా. ఆ రోజుల్లో వియత్ మిన్ చేసిన పని సూటిగా ఉంది: గాదెలు పగలగొట్టి బియ్యం పంచండి అని పిలుపునిచ్చింది. ఊళ్లకు ఊళ్లు దాని వెనక నడిచాయంటే కారణం ఆ బియ్యమే. రెండేళ్ల ముందు బెంగాల్ కరువు చూసిన దేశం మనది, ఇది మనకు సులువుగా అర్థమవుతుంది.

తర్వాత జరిగినదాంట్లో మన చెయ్యి కూడా ఉంది, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా. జపాన్ లొంగిపోయాక 16వ అక్షాంశ రేఖకు దక్షిణాన జపాన్ సైన్యం ఆయుధాలు తీసుకునే పని బ్రిటన్‌కు పడింది. సైగాన్‌లో దిగింది జనరల్ గ్రేసీ నాయకత్వంలోని 20వ ఇండియన్ డివిజన్. ఆయన సైనిక శాసనం పెట్టి, పత్రికలు మూయించి, జైళ్లలో ఉన్న ఫ్రెంచి సైనికులకు తుపాకులిచ్చారు. సెప్టెంబర్ 23న వాళ్లు సైగాన్‌లోని ప్రభుత్వ భవనాలను ఆక్రమించారు. చాలక, ఓడిపోయిన జపాన్ సైనికులనే మళ్లీ వియత్ మిన్ మీదికి పంపారు. స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న దేశపు జవాన్లను ఇంకో దేశపు స్వాతంత్ర్యాన్ని అణచడానికి వాడారు. నెహ్రూ దీన్ని బహిరంగంగా ఖండించారు. 1947 జనవరిలో కలకత్తా విద్యార్థులు వియత్నాం దినం జరిపితే పోలీసులు కాల్పులు జరిపారు.

హో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కు ఉత్తరం మీద ఉత్తరం రాశారు. జవాబు లేదు. 1946 నవంబర్‌లో ఫ్రెంచి నౌకలు హైఫాంగ్ మీద గుండ్లు కురిపించాయి. డిసెంబర్‌లో పూర్తి యుద్ధం మొదలైంది. చైనాలో మావో గెలవడం, కొరియా యుద్ధం రావడంతో అమెరికాకు హనోయ్‌లో స్వాతంత్ర్యం కనిపించడం మానేసింది, మాస్కో మాత్రమే కనిపించింది. 1954 నాటికి ఫ్రాన్స్ యుద్ధఖర్చులో ఎక్కువ భాగం వాషింగ్టన్‌దే.

ఆ యుద్ధాన్ని తేల్చింది డియెన్ బియెన్ ఫు లోయ. చుట్టూ కొండలు, అడుగున ఫ్రెంచి కోట. ఫిరంగులు ఆ కొండలెక్కవని ఫ్రెంచివాళ్ల ధీమా. వియత్ మిన్ సేనాధిపతి గియాప్ సైనికులు వాటిని తాళ్లు కట్టి, చేతులతో పైకి లాగారు. సైకిళ్ల సంగతి ఇంకా ఆశ్చర్యం. హ్యాండిల్‌కు పొడుగాటి వెదురు కర్ర కట్టి, సీటు దగ్గర ఇంకో కర్ర నిలబెట్టి, మధ్యలో రెండు క్వింటాళ్ల బియ్యం వేలాడదీసి మనిషి పక్కనే నడుస్తూ తోసేవాడు. ఎక్కి తొక్కడానికి కాదు, బరువు మోయడానికే ఆ సైకిళ్లు. 56 రోజుల తర్వాత, 1954 మే 7న కోట పడిపోయింది. నెల దాటి కొద్ది రోజులకే, జూన్ 13న, మన గోదావరి ఒడ్డున యానాంలో కూడా ఫ్రెంచి పాలన ముగిసింది.

జెనీవా ఒప్పందం దేశాన్ని 17వ రేఖ దగ్గర తాత్కాలికంగా విడదీసింది. 1956 జూలైలో ఎన్నికలు పెట్టి కలపాలన్నది షరతు. దాన్ని చూసుకునే అంతర్జాతీయ సంఘానికి అధ్యక్ష స్థానం భారత్‌ది. ఆ ఎన్నికలు జరగలేదు. దక్షిణాన అమెరికా అండతో ఉన్న న్గో దిన్ దియెమ్ ఒప్పుకోలేదు. పోరాటం సాగుతున్న రోజుల్లో ఎన్నిక జరిగి ఉంటే 80 శాతం మంది హోకే ఓటేసేవారేమోనని అధ్యక్షుడు ఐసెన్‌హోవరే తర్వాత రాసుకున్నారు. నా దృష్టిలో తర్వాతి యుద్ధానికంతా మూలం ఇక్కడే. ఉత్తరం తప్పులు కూడా దాచనక్కర్లేదు: భూసంస్కరణల పేరుతో అక్కడ వేలమందిని చంపారు, 1956లో ప్రభుత్వం తప్పు ఒప్పుకుంది. లక్షలమంది, ముఖ్యంగా కేథలిక్కులు, దక్షిణానికి వలసపోయారు.

1960లో దక్షిణాన దియెమ్ ప్రభుత్వాన్ని ఎదిరించే జాతీయ విముక్తి కూటమి ఏర్పడింది. 1963లో బౌద్ధుల మీద అణచివేతకు నిరసనగా సైగాన్ నడిరోడ్డుమీద ఒక భిక్షువు నిప్పంటించుకున్నారు. 1964లో తన నౌకల మీద దాడి జరిగిందంటూ టోంకిన్ గల్ఫ్ ఘటనను సాకుగా చూపి అమెరికా నేరుగా దిగింది. 1969కి అక్కడ దాని సైనికులు ఐదు లక్షలు దాటారు. వియత్నాం, లావోస్, కాంబోడియాల మీద పడిన బాంబులు రెండో ప్రపంచ యుద్ధంలో అన్ని పక్షాలూ వేసినదానికంటే ఎక్కువ. 1973లో అమెరికా సైన్యం వెనక్కి వెళ్లేలా పారిస్ ఒప్పందం, 1975 ఏప్రిల్ 30న సైగాన్ అధ్యక్ష భవనం గేటులోంచి ఉత్తర వియత్నాం ట్యాంకులు. హో అప్పటికి లేరు. 1969లో, స్వాతంత్ర్యం ప్రకటించిన ఆ సెప్టెంబర్ 2నే కన్నుమూశారు. ఉత్తరం గెలిచాక శిబిరాల్లో మగ్గినవాళ్లు, పడవలెక్కి సముద్రం పాలైనవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ కూడా ఈ కథలోదే.

ఇది ముగిసిపోయిన విషయం కూడా కాదు. ఒకప్పటి 17వ రేఖ దగ్గరున్న క్వాంగ్ ట్రీ పొలాల్లో పారకు ఇప్పటికీ పేలని బాంబులు తగులుతున్నాయి. అడవుల మీద చల్లిన ఏడు కోట్ల లీటర్లకు పైగా కలుపు మందులో, ముఖ్యంగా ఏజెంట్ ఆరెంజ్‌లో, ఉన్న డయాక్సిన్ అనే విషం కొన్ని చోట్ల మట్టిలో అలాగే ఉంది. దనాంగ్ విమానాశ్రయంలో దాన్ని శుభ్రం చేసే పని 2018లో పూర్తయింది. హో చి మిన్ సిటీ (అప్పటి సైగాన్) పక్కన బియెన్ హోవా వైమానిక స్థావరంలో, ఒకప్పుడు ఆ మందు డ్రమ్ములు నిల్వచేసిన చోట, అమెరికా డబ్బుతో మట్టి తవ్వే పథకం 2019లో మొదలైంది. దనాంగ్‌లోకంటే ఇక్కడ విషమెక్కిన మట్టి చాలా ఎక్కువ.