పగటిపూట కళ్లు మూసుకునే ఊసరవెల్లి: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యునిగా నేను చూసే పెంపుడు ఊసరవెల్లులు ఎక్కువగా యెమెన్, సౌదీ అరేబియాలకు చెందిన వెయిల్డ్, మడగాస్కర్‌కు చెందిన పాంథర్ జాతులవి. మన చెట్ల మీద తిరిగే దేశీ ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కనుక దానిని ఇంట్లో పెంచకూడదు.

అపోహ: పగలు కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నట్టే.

వాస్తవం: ఊసరవెల్లి రాత్రి నిద్రపోయే జీవి, పగటి వెలుతురులో ఒక కన్నునైనా ఎక్కువసేపు మూసి ఉంచిందంటే జబ్బుపడిందనే అనుకోవాలి. పురుగు ఎంత దూరంలో ఉందో కంటిలోని కటకాన్ని సర్దుకుంటూ అంచనా వేసి, ఆ తరువాతే నాలుక విసురుతుంది కాబట్టి, కళ్లు మూతపడిన ఊసరవెల్లి ఎదుట ఆహారం ఉన్నా పస్తులుంటుంది. ఒక్క కన్నే మూస్తే దుమ్ము, గాయం, చీము వంటి స్థానిక కారణాన్ని, రెండూ మూస్తే నీరు, కాంతి, పోషణలలో లోపాన్ని నేను ముందుగా అనుమానిస్తాను. అయితే కంటిని ఉబ్బించి, కొమ్మకు రుద్ది, కాసేపట్లో మామూలుగా తెరిస్తే అది శుభ్రం చేసుకోవడమే. వాపు నిలిచిపోతే మాత్రం చూపించాలి.

అపోహ: చెన్నై గాలిలో తేమ ఎక్కువ, కనుక నీటి గురించి దిగులు అక్కర్లేదు.

వాస్తవం: గాలిలోని తేమ తాగే నీటికి బదులు కాదు, పైగా ఏసీ నడిచే గదిలో ఆ తేమ కూడా తగ్గిపోతుంది. చాలా ఊసరవెల్లులు గిన్నెలోని నీటిని పట్టించుకోవు. ఆకుల మీద జారే చుక్కలనే నాకుతాయి. అందువల్ల రోజూ ఆకులు బాగా తడిసేలా, అది తాగడం ముగించేంతసేపు తుంపర కొట్టాలి. కళ్లు లోపలికి గుంటలు పడటం, మలంతో వచ్చే తెల్లటి భాగం ముదురు పసుపు లేదా నారింజ రంగుకు మారడం నీరు చాలలేదనడానికి గుర్తులు. ఒంట్లో నీరు తగ్గితే కంటిలో పడిన నలుసును కన్నీటితో కడుక్కునే శక్తి కూడా తగ్గుతుంది.

అపోహ: కిటికీలోంచి ఎండ పడితే దీపం అక్కర్లేదు.

వాస్తవం: కిటికీ అద్దం ఊసరవెల్లికి అవసరమైన యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, గాజు పెట్టెను నేరుగా ఎండలో పెడితే లోపలి వేడికి ప్రాణమే పోవచ్చు. పొడవాటి యూవీబీ గొట్టపు దీపం వాడి, అది వెలుగుతున్నా సరే, తయారీదారు చెప్పిన గడువుకు (సాధారణంగా 6 నుంచి 12 నెలలకు) మార్చాలి. కొత్త దీపం పెట్టిన కొద్ది రోజులకే రెండు కళ్లూ మూస్తుంటే దానిని వెంటనే తీసేసి వైద్యునికి చూపించండి. అతి తీవ్రమైన, లేదా మరీ దగ్గరి యూవీ కాంతి కంటి పైపొరను కాలుస్తుంది.

అపోహ: కళ్లు వాచాయంటే విటమిన్ ఎ చుక్కలు ఎక్కువగా వేయాలి.

వాస్తవం: విటమిన్ ఎ లోపం రెప్పలను వాపెక్కిస్తుందన్నది నిజమే, ఆహారంగా వేసే కీచురాళ్లలో ఆ విటమిన్ తక్కువ అన్నదీ నిజమే. కానీ అది కాలేయంలో పేరుకునే పదార్థం, మోతాదు మించితే చర్మం ఊడిపోతుంది. గ్రాముల్లో బరువు తూచి వైద్యుడు నిర్ణయించిన మోతాదే ఇవ్వాలి.

అపోహ: చనుబాలు, ఆముదం, లేదా ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేస్తే తగ్గుతుంది.

వాస్తవం: ఈ అలవాటే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెడుతుంది. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉండి, కంటి పైపొర మీద పుండు ఉంటే, పుండు లోతెక్కి కన్నే పోవచ్చు. పుండు ఉందో లేదో ఫ్లోరెసిన్ రంగుతో పరీక్షించాక గాని మందు ఎంచుకోకూడదు. ఇంట్లో చేయదగినది శుభ్రమైన 0.9 శాతం సెలైన్‌తో మెల్లగా కడగడం మాత్రమే. నోటి మూలకూ కంటికీ మధ్య గడ్డ కనిపిస్తే అక్కడి గ్రంథిలో చీము పట్టి ఉండవచ్చు. సరీసృపాల చీము పనీర్ ముక్కలా గట్టిపడుతుంది కనుక, చాలాసార్లు కోసి తీయక తప్పదు.

రెండు కళ్లూ మూసి, తిండి మానిన ఊసరవెల్లిని మరునాటికి వాయిదా వేయకుండా తీసుకురండి. వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలలోనైనా, సరీసృపాలను చూసే మరే వైద్యుని దగ్గరైనా సరే, బోను ఫోటో, దీపం పెట్టె, ఆహారంపై చల్లే పొడి డబ్బా, తాజా మలం వెంట ఉంటే కారణం త్వరగా దొరుకుతుంది.