కంచెలు లేని పొలం, కోర్టు ఉన్న ఊరు

నవంబరు నెలాఖరులో, గోధుమ మొలకలు అప్పుడే నేలమీద పచ్చగా తేలుతున్న రోజుల్లో, ఇంగ్లండ్‌లోని లాక్స్టన్ గ్రామంలో కొందరు రైతులు బురద బూట్లు తొడుక్కుని పొలం మీదికి బయలుదేరతారు. వెంట ట్రాక్టరు ట్రాలీలో చెక్క గూటాలు, సుత్తులు, పారలు ఉంటాయి. ఆ రోజు వాళ్లు రైతులు మాత్రమే కాదు, ఊరి జ్యూరీ కూడా. ఒక కొస నుంచి మరో కొస దాకా నడుస్తారు. ఒక గూటం దగ్గర నిలబడి ఎదుటి గూటం మీదికి చూపు సారిస్తారు. మధ్యలో నాగలి చాలు కొంచెం పక్కకు ఒరిగినా ఆ చూపుకు దొరికిపోతుంది. కుళ్లిన గూటాన్ని పీకి, అదే గుంతలో కొత్తది దిగగొడతారు. ఎవరైనా పొరుగువాడి నేల పట్టీలోకి అడుగు మేర దున్నారా, అందరూ నడిచే బాటను కొరుక్కుతిన్నారా, కాలువను పూడ్చేశారా అన్నది అక్కడికక్కడే తేలుస్తారు. దోషి ఆ జ్యూరీలోనే ఉండవచ్చు. ఉన్నా జరిమానా తప్పదు.

ఒకప్పుడు ఇంగ్లండ్ నడిబొడ్డున వేలాది ఊళ్లు ఇలాగే సాగు చేసుకునేవి. పూర్తి వ్యవస్థతో, సొంత కోర్టుతో సహా అది నిలిచి ఉన్నది ఇప్పుడు లాక్స్టన్‌లోనే. దీన్ని ప్రాచీన వింతగా చూసి మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఇది ఒక పెద్ద ప్రశ్నకు శతాబ్దాలుగా కొనసాగుతున్న ప్రయోగంలా కనిపిస్తుంది. అందరిదీ అయిన నేలను అందరూ కలిసి చెడగొట్టకుండా కాపాడుకోవడం సాధ్యమేనా అన్నదే ఆ ప్రశ్న.

లాక్స్టన్ నాటింగ్‌హామ్‌షైర్‌లో, ఆలర్టన్, టక్స్‌ఫర్డ్ పట్టణాలకు దగ్గరలో, షేర్‌వుడ్ అడవికి తూర్పున ఉంటుంది. పెద్ద కొండలు లేవు, పెద్ద నది లేదు. మెల్లగా ఎత్తై మెల్లగా దిగే నేల, మధ్యమధ్య సన్నని వాగులు. నేల బరువైన ఎర్ర బంకమన్ను. వాన పడితే కాలికి అతుక్కుంటుంది, ఎండితే రాయిలా బిగుస్తుంది. ఊరి సేద్యం తీరుతెన్నులన్నీ ఈ మట్టితోనే మొదలయ్యాయి.

బంకమట్టిని తిరగేయాలంటే బరువైన నాగలి కావాలి, దాన్ని లాగడానికి పెద్ద ఎడ్ల బారు కావాలి. మధ్యయుగంలో ఎనిమిది ఎడ్ల దాకా కట్టేవారు. అంత పొడవైన బారును వెనక్కి మళ్లించడం పెద్ద పని. అందుకే చాలు ఎంత పొడవుంటే అంత మేలు, మలుపులు ఎంత తగ్గితే అంత లాభం. అలా పొలం పొడవాటి సన్నని పట్టీలుగా తయారైంది. పైగా ఆ నాగలి రెక్క మట్టిని ఎప్పుడూ కుడివైపుకే పడేస్తుంది. పట్టీ నడుమన మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ దున్నితే మట్టి ఏటేటా మధ్యకు చేరుతుంది. నడుమ మిట్ట, అంచున పల్లం ఏర్పడతాయి. వాన నీరు పల్లంలోకి జారిపోతుంది, మిట్ట మీది పంట మునగదు. గొట్టాలు లేని కాలంలో బంకనేలకు ఇదే మురుగు పారుదల. మిడ్‌లాండ్స్ ప్రాంతంలో పాత పచ్చికబయళ్ల మీద సాయంత్రపు ఏటవాలు వెలుగు పడినప్పుడు ఈ మిట్టపల్లాలు అలల్లా బయటపడతాయి. చాలాచోట్ల అవి తిన్నగా ఉండవు, తిరగేసిన ఎస్ అక్షరంలా వంకర తిరిగి ఉంటాయి. పట్టీ కొసకు చేరకముందే ఎడ్లను ఎడమవైపుకు మళ్లించడం మొదలుపెట్టేవారు కాబట్టి ఆ వంపు వచ్చిందంటారు. శతాబ్దాల కింద చచ్చిపోయిన ఎడ్ల అడుగుల దారి అలా నేలలో మిగిలిపోయింది.

ఈ సేద్యానికి తెలుగు నేలతో నేరుగా ఒక సంబంధం ఉంది. ఆ పొడవైన చాలుకు ఇంగ్లండ్‌లో స్థిరపడిన కొలత 220 గజాలు. దాన్నే ఫర్లాంగు అంటారు. 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉన్న పట్టీ ఒక ఎకరం. ఒక ఎడ్ల బారు ఒక రోజులో దున్నగల నేల అది అని పాత లెక్క. గుణిస్తే 4,840 చదరపు గజాలు వస్తాయి. హైదరాబాదు శివార్లలో స్థలం కొనేవారికీ, గోదావరి జిల్లాలో పొలం అమ్మేవారికీ నోటికి వచ్చిన అంకె ఇదే. ఆ 22 గజాలను గణితజ్ఞుడు ఎడ్మండ్ గంటర్ 1620 ప్రాంతంలో వంద కడియాల ఇనుప గొలుసుగా మార్చాడు. ఆ గొలుసు చదరంలో పదో వంతు మన సెంటు, నాలుగో వంతు మన గుంట. తెలంగాణలో గుంటల్లో, ఆంధ్రలో సెంట్లలో భూమిని లెక్కించేవారంతా తెలియకుండానే ఆ ఎడ్ల నాగలి చాలును కొలుస్తున్నారు.

లాక్స్టన్‌లో ఇప్పుడు మూడు పెద్ద పొలాలు ఉన్నాయి: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. వీటి మధ్య కంచెలు, దడులు లేవు. ప్రతి పొలంలోనూ చాలామంది రైతుల పట్టీలు కలగలిసి ఉంటాయి. ఒక ఏడాది ఒక పొలంలో చలికాలపు గోధుమ వేస్తారు, ఇంకో దానిలో వసంతంలో విత్తే పంట, మూడోది విశ్రాంతి పొలం. మరుసటి ఏడు వరుస మారుతుంది. పూర్వం విశ్రాంతి పొలాన్ని బీడుగా వదిలి గొర్రెలను తోలేవారు. మంద పెంటతో సారం నేలకు చేరేది, కలుపు తగ్గేది. రెండో పొలంలో బఠాణీ, చిక్కుడు జాతి పంటలు వేసినప్పుడు వాటి వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలలో నిలిపేవి. అప్పటి రైతులకు నత్రజని గురించి తెలియదు. బఠాణీ తర్వాత గోధుమ బాగా పండుతుందన్నది మాత్రం తెలుసు.

ఒకే రైతు పట్టీలు ఒకచోట కాకుండా ఊరంతా ఎందుకు చెదిరి ఉన్నాయి? ఆక్స్‌ఫర్డ్‌లో వ్యవసాయ ఆర్థికశాస్త్రం పరిశోధించిన చార్లెస్ ఆర్విన్ దంపతులు 1930లలో లాక్స్టన్‌ను క్షుణ్ణంగా అధ్యయనం చేశారు. ఉమ్మడి నాగలితో ఊరు రోజుకో ముక్క చొప్పున దున్నుకుంటూ పోయి, వంతులవారీగా పంచుకోవడంలో ఈ చెదురు పుట్టిందని వారి అభిప్రాయం. తర్వాతి తరంలో ఆర్థికవేత్త డీర్డ్రె మెక్‌క్లాస్కీ మరో కారణం చూపారు. పల్లం మునిగిన ఏడు మెరక పండుతుంది, మెరక ఎండిన ఏడు పల్లం పండుతుంది. అన్ని చోట్లా కొంత ఉన్నవాడు ఏ ఏడూ పూర్తిగా మునగడు. బీమా కంపెనీలు లేని కాలంలో నేలనే బీమాగా వాడుకున్నారన్నమాట. నాకు రెండో వాదన బలంగా తోస్తుంది. చెదిరిన పట్టీల మధ్య తిరగడానికి ఖర్చయ్యే సమయం, శ్రమ చిన్నవి కావు. కరువు భయం లేకపోతే జనం అంత కష్టాన్ని శతాబ్దాల పాటు భరించరు.

ఈ ఊరి గురించి ఇంత వివరంగా తెలియడానికి ముఖ్య కారణం ఒక పటం. 1620లలో ఈ ఊరిని లండన్ వర్తకుడు సర్ విలియం కోర్టెన్ కొన్నాడు. ఆయన కోసం 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు ప్రతి పట్టీనీ, ప్రతి ఇంటినీ గీశాడు, ఏ ముక్క ఎవరిదో పుస్తకంలో రాశాడు. అప్పటికి పట్టీలు రెండు వేలకు పైనే. గీతలతో ఆగకుండా దున్నేవాళ్లనూ, పశువులనూ బొమ్మలుగా కూడా పటం మీద చిత్రించాడు. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని పట్టుకుని ఈనాటి లాక్స్టన్ వీధుల్లో నడిస్తే దారి తప్పం. వీధులు చాలావరకు అవే.

ఆ వీధుల్లో ఇళ్ల వరసే ఒక పాఠం. మిగతా ఇంగ్లండ్‌లో రైతు ఇల్లు సాధారణంగా తన పొలం మధ్యలో ఒంటరిగా ఉంటుంది. ఇక్కడ రైతుల ఇళ్లు ఊరి నడివీధిలో పక్కపక్కనే ఉంటాయి. పొలం నాలుగు దిక్కులా చెదిరి ఉన్నప్పుడు ఊరి మధ్యే అన్నిటికీ దగ్గర మరి. చాలా ఇళ్లు ఎర్ర ఇటుకతో కట్టి, పైన పెంకులు కప్పినవి. వీటిలో కొన్నింటికి పక్కగోడ వీధివైపు ఉంటుంది, ఇంటి వెనక దొడ్డి, కొట్టాలు, ఆపైన పొడవైన పెరడు.

ఊరికి ఉత్తరాన, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల కాలపు కోట దిబ్బ ఉంది. రాతి గోడలేవీ మిగల్లేదు కానీ మట్టి దిబ్బ, చుట్టూ కందకాలు చెక్కుచెదరలేదు. రాజు దేశంలోని భూములను లెక్క రాయించిన 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో ఈ ఊరు జెఫ్రీ ఆల్సెలిన్ అనే నార్మన్ ప్రభువు పేరిట ఉంది. అంతకు ముందు యజమాని టోచి అనే స్థానికుడు. తర్వాతి తరాల్లో షేర్‌వుడ్ రాచ అడవిని కాపాడే అధికారులు ఈ కోట నుంచే పాలించారు. సెయింట్ మైకేల్ చర్చిలో ఆ పదవిలో ఉన్న ఎవరింగ్‌హామ్ వంశీకుల సమాధి శిల్పాలు ఉన్నాయి. రాతి విగ్రహాల పక్కన ఓక్ కర్రతో చెక్కిన ఒక స్త్రీ విగ్రహం పడుకుని ఉంటుంది. 14వ శతాబ్దపు చెక్క ఇన్నేళ్లు పురుగుకూ తేమకూ దక్కకుండా నిలవడం అరుదు. చర్చికి వెళ్లినవారు ముందు దాన్నే చూడాలని నా మాట.

ఊళ్లో మన బందెలదొడ్డి వంటిది కూడా ఉంది. పొలాల్లో పడిన పశువులను పట్టి అక్కడ కట్టేయడం, జరిమానా కడితేనే వదలడం పిండర్ అనే ఊరి ఉద్యోగి పని. కంచెలు లేనిచోట ఈ ఉద్యోగం చిన్నదేమీ కాదు.

జ్యూరీ పొలం తిరిగిన వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే ఊరి సత్రంలో కోర్ట్ లీట్ అనే ఊరి కోర్టు కూర్చుంటుంది. భూస్వామి తరఫున స్టీవార్డు అధ్యక్షత వహిస్తాడు. జ్యూరీ తాను చూసిన తప్పులను చదివి జరిమానాలు ప్రకటిస్తుంది. అవి కొద్దిపాటి పౌండ్లే. మరుసటి ఏటి పొలం కోసం కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది. 1977లో బ్రిటిష్ పార్లమెంటు దేశంలోని ఇలాంటి పురాతన కోర్టుల అధికారాలను రద్దు చేసినప్పుడు లాక్స్టన్‌ను మినహాయించింది. అందువల్ల ఇది వేషాలు వేసుకుని ఆడే పండుగ కాదు, చట్టం గుర్తించిన కోర్టు.

1968లో జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఒక ఊహా పచ్చికబయలును ఉదాహరణగా చూపి, అందరిదీ అయిన భూమి నాశనం కాక తప్పదని వాదించాడు. తలా ఒక పశువు ఎక్కువ తోలితే లాభం తోలినవాడికి, నష్టం అందరికీ అన్నది ఆయన తర్కం. ఆ వాదన ఎంతో ప్రభావం చూపింది. కానీ ఆయన ఊహించిన బయలుకు నియమాలు లేవు, కాపలా లేదు, పొరుగువాళ్లు ఒకరినొకరు పలకరించుకోరు. స్విట్జర్లాండ్ కొండ పచ్చికలు, స్పెయిన్ కాలువలు, జపాన్ గ్రామాల అడవులను పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్ అసలు మనుషులు ఏం చేస్తారో చూపి, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. దీర్ఘకాలం నిలిచిన ఉమ్మడి వనరులకు హద్దులు స్పష్టంగా ఉంటాయి, కాపలా కాసేది వాడుకునేవాళ్లే, మొదటి తప్పుకు శిక్ష చిన్నది, తగవు తీర్చే చోటు దగ్గరలోనే ఉంటుంది. లాక్స్టన్ జ్యూరీ చేతిలోని గూటం, జరిమానా, సత్రంలోని బల్ల ఈ నాలుగింటికీ సరిపోతాయి. గట్టు తగాదా ఒక తరం నుంచి ఇంకో తరానికి పాకే లోపే ఇక్కడ తేలిపోతుంది. ప్రతి పొలం మూడేళ్లకొకసారి జ్యూరీ కాళ్ల కిందికి వస్తుంది కాబట్టి హద్దు తప్పు మూడేళ్లకు మించి పెరగదు.

మరి మిగతా ఊళ్లలో ఇది ఎందుకు పోయింది? ఉమ్మడి సేద్యం దానంతటదే కుప్పకూలలేదు. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి, దాదాపు 68 లక్షల ఎకరాలను, అంటే ఇంగ్లండ్‌లో ఐదో వంతుకు పైగా నేలను విడివిడి సొంత కమతాలుగా కంచెల్లోకి తెచ్చింది. పెద్ద కమతాల దిగుబడి పెరిగిందనేవారు ఉన్నారు. కానీ పట్టా లేకపోయినా ఆవును మేపుకునే, కట్టెలు ఏరుకునే హక్కులతో బతికిన పేద కుటుంబాలు ఆ హక్కులు పోయాక కూలీలయ్యాయి. ఆ నష్టాన్ని దిగుబడి లెక్కల కింద దాచడం నాకు న్యాయంగా తోచదు. 19వ శతాబ్దంలో లాక్స్టన్ నేల ప్రధానంగా ఇద్దరు ప్రభువులది: ఎర్ల్ మాన్వర్స్, ఎర్ల్ ఆఫ్ స్కార్‌బరో. కంచెలు వేసే పద్ధతి మీద వారికి ఏకాభిప్రాయం కుదరలేదు. ఊరు అలా మిగిలింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో మాన్వర్స్ కుటుంబం పట్టీలను కలిపి పెద్దవిగా చేసింది, అందువల్లే ట్రాక్టరు ఇమడగలిగింది.

పట్టీల చివర, వాగుల వెంట నాగలికి అందని తడి నేలలను అక్కడ సైక్‌లు అంటారు. వీటిని ఎప్పుడూ దున్నలేదు. ఏటా ఈ గడ్డిని ఊళ్లో వేలం వేస్తారు. ఆలస్యంగా కోయడం వల్ల పూలు గింజ కట్టి రాలేదాకా గడ్డి నిలబడుతుంది. ఇలాంటి గడ్డిభూముల్లో ఎల్లో రాటిల్ అనే పసుపు పూల మొక్క పక్కనున్న గడ్డి వేళ్ల నుంచి ఆహారం గుంజుకుని గడ్డి విజృంభించకుండా ఆపుతుంది, ఆ ఖాళీలో ఇతర పూల మొక్కలు మొలుస్తాయి. 1930లకూ 1980లకూ మధ్య ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి సహజ పచ్చికల్లో 97 శాతం పోయాయి. లాక్స్టన్ సైక్‌లు ఇప్పుడు శాస్త్రీయ ప్రాముఖ్యం గల స్థలంగా రక్షణ పొందుతున్నాయి.

1952లో మాన్వర్స్ ఎస్టేటు ఊరిని వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మింది. 1981లో అది రాచ ఆస్తులను చూసుకునే క్రౌన్ ఎస్టేటు అనే సంస్థ చేతికి వచ్చింది. 2020లో మాన్వర్స్ వారసుల థోర్స్‌బీ ఎస్టేటే తిరిగి కొన్నది. పత్రాల మీద యజమాని పేరు మారిన ప్రతిసారీ కౌలు రైతులకు ఒకటే దిగులు: ఈ పద్ధతికి కట్టుబడే కొత్త తరం దొరుకుతుందా అని. పొలాలన్నీ కలిపి ఐదు వందల ఎకరాలకు కొంచెం తక్కువ, రైతులు కొద్దిమందే. వాళ్లకు ఇక్కడి పట్టీల ఆదాయం ఒక్కటే చాలదు, పక్కన కంచె వేసిన సొంత కమతాలు కూడా చేస్తారు. కాబట్టి ఇక్కడ కౌలు తీసుకునే కుర్రవాడికి నేలతో పాటు జ్యూరీ పని, పొరుగువాడి తప్పును నలుగురిలో చెప్పగల ధైర్యం, తన తప్పుకు తానే జరిమానా కట్టే ఓర్పు కూడా ఉండాలి. అలాంటివాళ్లు ఇప్పటిదాకా ప్రతి డిసెంబరులోనూ ఆ సత్రంలో ప్రమాణం చేయడానికి సరిపడా దొరుకుతూనే వచ్చారు.