పైపుకు గ్రాంటు వస్తుంది, పైపు చూసుకునే మనిషికి రాదా? నీటి సంస్థల నిధులపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లో తాగునీటి మీద పనిచేసే చిన్న సంస్థలకు ప్రపోజల్స్ రాసిపెట్టడం, లెక్కలు సరిచూడటం నా పని. వీటిలో చాలావాటికి ఒక గది ఆఫీసు, నలుగురైదుగురు మనుషులు, అంతే. మీటింగ్ తెలుగులో జరుగుతుంది. బ్లాకు ఆఫీసుకి ఉత్తరం ఒడియాలో వెళ్తుంది. దాతకు రిపోర్టు ఇంగ్లీషులో పంపాలి. కొండ మీద ఊళ్లో మాట గిరిజన భాషలైన సవరలోనో కువిలోనో. ఇన్ని భాషల మధ్య పరిగెత్తే ఈ మనుషులు గ్రాంటు అనగానే కొన్ని మాటలు గట్టిగా నమ్మేసి, అడగాల్సింది అడగకుండా వదిలేస్తున్నారు. గుణుపూర్‌లో విన్న మాటే పర్లాకిమిడిలోనూ వింటున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నీటి గ్రాంటంటే పైపు, ట్యాంకు, బోరు. జీతాలకు అడిగితే దాత తప్పుగా అనుకుంటాడు.

పుట్టాసింగ్ వైపు కొండల్లో ఒక సవర ఊరికి చైత్రమాసంలో వెళ్లాను. పైన ఊట, అక్కడ సిమెంటు పెట్టె, అక్కడి నుంచి వాలుగా ఊళ్లోకి పైపు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ఈ కొండలకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ ఆ రోజు ఒక్క కుళాయిలోనూ చుక్క లేదు. ఆడవాళ్లు కింద గెడ్డలో చెలమ తీసి, గిన్నెతో తోడి బిందెలు నింపుతున్నారు. ఒక్కో బిందె నిండటానికి పావుగంట పడుతోంది. "పైన నీళ్లున్నాయి బాబూ, కిందకి రావట్లేదు" అంది నీటి కమిటీలో ఉన్న ఒకావిడ. ఆవిడ వెంట పైకెక్కి మూత తీసి చూస్తే, జల్లెడ మీద కుళ్లిన ఆకు, ఒండ్రు అట్టలా పేరుకుపోయి ఉన్నాయి. నీళ్లు పెట్టె అంచు మీదుగా పొంగి అడవిలోకి పోతున్నాయి. కింద గేట్ వాల్వ్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తిప్పడానికి రెంచీ లేదు. పని నేర్చుకున్న కుర్రాడు కేరళ వెళ్లిపోయాడు.

నెలకోసారి ఆ ఊరికి వెళ్లే ఫీల్డ్ వర్కర్‌ని సంస్థ అంతకు మూడు నెలల ముందే ఆపేసింది. ప్రాజెక్టు అయిపోయింది, జీతం ఇవ్వడానికి డబ్బు లేదు. పైపుకి ఏ లోటూ లేదు, ట్యాంకు మీద రంగు కూడా పోలేదు. లేనిది పట్టించుకునే మనిషే.

కాబట్టి వాస్తవం ఇది: ఆ మనిషి జీతం కూడా నీటి ఖర్చే. సంస్థను బలపరచడానికే ఇచ్చే గ్రాంట్లు వేరుగా ఉన్నాయి. అకౌంటెంట్, సిబ్బంది శిక్షణ, నీటి పరీక్షల సామాను, కమిటీ మీటింగులు, రెండు మూడేళ్ల జీతాలు ఇలాంటివాటికే అవి ఇస్తారు. అడగాల్సింది మనం. అడిగేటప్పుడు సిగ్గుపడుతూ చివరి లైన్లో పెట్టకండి. ఆ మనిషి లేకపోతే ఏ ఊళ్లో ఏం ఆగిపోతుందో రాసి, మొదటి పేజీలోనే అడగండి.

అపోహ: కంపెనీలు సామాజిక పనులకు ఇచ్చే సీఎస్ఆర్ డబ్బులో సంస్థ తన ఖర్చులకు 5 శాతం మించి తీసుకోకూడదు. చట్టమే అలా ఉంది.

రాయగడ జిల్లాలో పేపరు మిల్లు, అల్యూమినా ఫ్యాక్టరీ ఉన్నాయి కాబట్టి సీఎస్ఆర్ అన్న మాట రోజూ చెవిన పడుతుంది. దాంతో పాటే ఈ 5 శాతం మాటా పడుతుంది. మన సంస్థలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. సురక్షిత తాగునీరు ఆ పనుల జాబితాలో స్పష్టంగా ఉంది. నిబంధనల్లో కనిపించే 5 శాతం పరిమితి కంపెనీకి, అంటే కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగం నడపడానికి పెట్టుకునే ఖర్చుకు. ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు ఆ లెక్కలోకి రాదని నిబంధనలోనే ఉంది. మీ ఫీల్డ్ వర్కర్, మీ సూపర్‌వైజర్, వాళ్ల బండి పెట్రోలు అన్నీ అమలు ఖర్చులే. ఏదైనా కంపెనీ తన సొంత విధానంగా సంస్థలకు ఇంతే ఇస్తామని పరిమితి పెట్టుకోవచ్చు. అది వాళ్ల నిర్ణయం. దాని మీద మాట్లాడి ఒప్పించే అవకాశం ఉంటుంది. చట్టం అనుకుని మనమే నోరు మూసుకుంటే ఆ అవకాశం కూడా పోతుంది.

చాలామంది దీన్ని విదేశీ నిధుల చట్టమైన ఎఫ్‌సీఆర్ఏతో కలిపేస్తారు. విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చుకు పరిమితి నిజంగానే ఉంది. 2020 సవరణతో అది 50 నుంచి 20 శాతానికి తగ్గింది. అదే సవరణతో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషేధించారు. అంతకుముందు భువనేశ్వర్‌లోనో వేరేచోటో ఉన్న పెద్ద సంస్థ ద్వారా మన చిన్న సంస్థలకు డబ్బు వచ్చేది, ఆ దారి మూసుకుపోయింది. ఈ జిల్లాల్లో ఫీల్డ్ వర్కర్లు తగ్గిపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదొకటి. అందుకే ఇప్పుడు దేశంలో దొరికే డబ్బును సరిగ్గా అడగడం మరీ ముఖ్యం.

బడ్జెట్‌లో "అడ్మిన్" అని ఒకే లైను రాయకండి. విడదీసి రాయండి. అకౌంటెంట్ నెలలో పది రోజులు ఈ ప్రాజెక్టు పనే చేస్తే, ఆయన జీతంలో మూడో వంతు ఈ ప్రాజెక్టులో చూపించండి. ఆఫీసు అద్దె కూడా అలాగే. ఎవరు ఏ రోజు ఏ పని చేశారో రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉంటే చాలు, ఆ లెక్కను ఎవరూ కాదనలేరు.

అపోహ: జల్ జీవన్ మిషన్ వచ్చేసింది. ఇక మనకెవరిస్తారు?

2019 ఆగస్టు 15న మొదలైన ఈ పథకం ప్రతి గ్రామీణ ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్న లక్ష్యం పెట్టుకుంది. గడువును 2028 దాకా పొడిగిస్తున్నట్టు 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. కానీ కుళాయి బిగించాక దాన్ని నడపాల్సింది ఊరి కమిటీ. నీటిని పరీక్షించడానికి ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని కూడా పథకంలో ఉంది. ఆ కమిటీని కూర్చోబెట్టేది, శిక్షణ తర్వాత ఆ ఆడవాళ్ల పక్కన నిలబడేది ఎవరు? మనలాంటి సంస్థలే.

గుణుపూర్ దగ్గర ఒక ఊళ్లో టెస్టింగ్ కిట్ చూపించమంటే, ఒకమ్మాయి బీరువాలోంచి జాగ్రత్తగా తీసి, గుడ్డ విప్పి ఇచ్చింది. సీసాలన్నీ వరసగా, శుభ్రంగా ఉన్నాయి. లేబుల్ చూస్తే రసాయనాల గడువు తీరి ఏడాది దాటింది. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. రీఫిల్ కొనడానికి ఎవరి బడ్జెట్‌లోనూ డబ్బు పెట్టలేదు. ఊటనీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి కాబట్టి మంచివేనని అందరి నమ్మకం. మలం ద్వారా వచ్చే క్రిములు కంటికి కనబడవు. హెచ్‌టూఎస్ సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచి చూడాలి, నల్లబడితే ఆ నీళ్లు కలుషితమైనట్టు. క్లోరిన్ కలిపే ఊళ్లో కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఇవి పెద్ద ఖర్చులు కావు. కానీ రాయకపోతే రావు.

అపోహ: పేద ఊళ్ల దగ్గర డబ్బు అడగడం పాపం.

ఈ మాట మంచి మనసుతోనే అంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకునేవాణ్ణి. పక్కనే గంజాం జిల్లాలో 1979లో మొదలైన గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ పని చూశాక మనసు మార్చుకున్నాను. ఊళ్లో ఒక్క ఇల్లు కూడా మిగలకుండా అందరూ చేరితేనే వాళ్లు నీటి పథకం మొదలుపెట్టేవారు. ఇంటికి సగటున 1000 రూపాయల చొప్పున ఊరి నిధి పోగుచేయించేవారు. ఉన్నవాళ్లు ఎక్కువ, లేనివాళ్లు తక్కువ. జల్ జీవన్ మిషన్ కూడా ఎస్సీ, ఎస్టీలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో, కొండ, అటవీ ప్రాంతాల్లో ఊరిలోపలి పనుల ఖర్చులో 5 శాతం ఊరి వాటాగా పెట్టింది. డబ్బు లేకపోతే శ్రమగానో, సామానుగానో ఇవ్వొచ్చు. దాతలు కూడా ఈ నిధి పాస్‌బుక్ అడిగి మరీ చూస్తారు.

అపోహ: ఆడిట్ అయిపోయింది, ఇక లెక్కలతో టెన్షన్ లేదు.

ఆడిటర్ ఏడాదికోసారి వస్తాడు. గ్రాంటు ఇచ్చేవాళ్లు మాత్రం రోజువారీ అలవాట్లు చూస్తారు. నాకు బాగా తెలిసిన ఒక సంస్థ, ఫీల్డ్‌లో ఎంతో మంచి పని చేసేది. చివరి దశలో గ్రాంటు పోగొట్టుకుంది. కారణం, మినిట్స్ పుస్తకంలో రెండేళ్లుగా బోర్డు సభ్యుల సంతకాలు లేవు. మీటింగులు జరిగాయి, టీ ఖర్చు వోచర్లు కూడా ఉన్నాయి. సంతకాలే లేవు. ఆ వార్త వచ్చిన రోజు ఆ ఆఫీసులో ఎవరూ మాట్లాడలేదు.

క్యాష్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయండి. నెలాఖరున బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూడండి. కూలీ వేలిముద్ర వేసిన వోచర్ మీద పని పేరు, తేదీ, సాక్షి సంతకం ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఎప్పటిదాకా ఉన్నాయో గోడ మీద రాసి పెట్టుకోండి. సీఎస్ఆర్ నిధులకు ఈ రెండూ, కేంద్ర ప్రభుత్వం దగ్గర సీఎస్ఆర్-1 నమోదూ, మూడేళ్ల పని అనుభవమూ కావాలి.

అపోహ: ఏడాది చివరికి ఖాతా ఖాళీ అయిపోవాలి.

అక్కర్లేదు. 12ఏ ఉన్న సంస్థ తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చుపెట్టాలి. మిగతా 15 శాతం దాచుకోవడానికి ఆదాయపు పన్ను చట్టమే ఒప్పుకుంటుంది. షరతులతో వచ్చిన ప్రాజెక్టు డబ్బును మాత్రం దాతను అడగకుండా ఇలా పక్కన పెట్టకూడదు. చందాలు, ఫీజులు, షరతులు లేని గ్రాంట్లలోంచి కొద్దికొద్దిగా కూడబెట్టండి. మూడు నెలల జీతాలు చేతిలో ఉంటే, ఒక ప్రాజెక్టుకీ ఇంకో ప్రాజెక్టుకీ మధ్య మనుషుల్ని పంపేయాల్సిన అవసరం రాదు.

ఇంకో మాట. గ్రాంటు ఇప్పిస్తామని పది శాతం అడిగేవాళ్లు పర్లాకిమిడిలోనూ ఉన్నారు, రాయగడలోనూ ఉన్నారు. ఇవ్వకండి. ఆ డబ్బు ఏ వోచర్ మీదా రాయలేరు. ఇంగ్లీషు బాగా రాదని భయపడే వాళ్లే వీళ్లకు దొరుకుతారు. ముందు తెలుగులోనో ఒడియాలోనో మీకొచ్చినట్టు మీ ఊరి సంగతి రాయండి. తర్జుమా చేసేవాళ్లు దొరుకుతారు, ఊరి సంగతి మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ సవర ఊరి సంస్థతో కలిసి తర్వాత ఒక ప్రపోజల్ రాశాం. అందులో ఒక లైను: ఊట పెట్టెలు శుభ్రం చేయడానికి ఇద్దరు మనుషులు, నెలకు రెండు రోజులు, ఒక రెంచీ, వాషర్లు. ఈ ఖర్చు ఎందుకని దాత అడిగాడు. ఆకులతో పూడిపోయిన ఆ జల్లెడ ఫొటో, చెలమ దగ్గర బిందెల ఫొటో పంపాం. ఆ లైను ఉంచారు.