తొర్ర పడటానికి పట్టే కాలం

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడటానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది దాని వయసు. ఐదారు వందల ఏళ్లని అక్కడివాళ్లు చెబుతారు. 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది మాత్రం విస్తీర్ణం వల్ల: ఒకే చెట్టు కొమ్మలు దాదాపు ఐదెకరాల మేర పరుచుకున్నాయి. జిల్లాలు విడగొట్టాక అది శ్రీ సత్యసాయి జిల్లా లెక్కలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా అనంతపురమే. పాత చెట్టు అనగానే ఈ చుట్టుపక్కల అందరికీ గుర్తొచ్చేది అదే.

అయితే పాత చెట్టు వేరు, పాత అడవి వేరు. వెయ్యేళ్ల మాను ఒకటి ఊరి మధ్యలో ఉండొచ్చు, దాని చుట్టూ అడవి లేకపోవచ్చు. మరి అడవి పాతదని దేన్ని చూసి చెప్పాలి? ఈ ప్రశ్న మీద ఎక్కువ పని జరిగింది యూరప్‌లో బీచ్, ఓక్ అనే చెట్లు పెరిగే అడవుల్లో. అక్కడ తేలిన సంగతులు మన నల్లమలకు, శేషాచలానికి ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం.

ఉక్రెయిన్ పడమటి కొసన, కార్పేతియన్ కొండల్లో ఉహోల్కా–షిరోకీ లుహ్ అనే బీచ్ అడవి ఉంది. సుమారు 8,800 హెక్టార్లు. గొడ్డలి పడని బీచ్ అడవి ఇంత పెద్దది యూరప్‌లో మరొకటి లేదు. అలాంటి చోట అడుగుకో మహావృక్షం ఉంటుందనుకుంటాం. లెక్క తీస్తే 80 సెంటీమీటర్ల మందం దాటిన మాన్లు హెక్టారుకు పది మాత్రమే తేలాయి. మిగతావన్నీ బొటనవేలంత మొక్క నుంచి నడివయసు చెట్టు దాకా అన్ని సైజుల్లోనూ కలగలిసి ఉన్నాయి. ఒకేసారి నాటిన తోటలో ఈ కలగలుపు ఎంత వెతికినా దొరకదు.

ఇది బీచ్ చెట్టు స్వభావం నుంచే వస్తుంది. నున్నటి బూడిదరంగు బెరడు, పలుచని ఆకులు, కింద చిక్కటి నీడ. ఆ నీడలో ఇంకో జాతి మొక్క బతకడం కష్టం. బీచ్ మొక్క మాత్రం ఓర్చుకుంటుంది. మనిషి ఎత్తు కూడా లేని బీచ్ మొక్కకు యాభై ఏళ్లుండటం ఆ అడవుల్లో వింతేమీ కాదు. పెరగకుండా, చావకుండా కాచుకుని ఉంటుంది. పక్కనున్న ముసలి చెట్టు గాలికో, బూజు తెగులుకో కూలినప్పుడు పైన ఆకాశం కనిపించేంత ఖాళీ ఏర్పడుతుంది. ఉహోల్కాలో అలాంటి ఖాళీలు చాలావరకు 200 చదరపు మీటర్లకన్నా చిన్నవి. మన లెక్కలో చెప్పాలంటే ఐదు సెంట్ల ఇంటి స్థలం. అంత చోటులో పడిన ఎండకే కింద కాచుకున్న మొక్కలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అడవంతా ఒకేసారి ముసలిది కాదు, ఒకేసారి కొత్తదీ కాదు. ఇక్కడో ఐదు సెంట్లు, అక్కడో రెండు సెంట్లుగా మారుతూ పోతుంది.

ఇక కూలిన చెట్టు సంగతి. ఉహోల్కాలో హెక్టారుకు 160 ఘనపు మీటర్ల పైచిలుకు చచ్చిన కలప ఉంది, కొంత నిలువునా, కొంత నేలమీద. యూరప్‌లో చెట్లు కొట్టకుండా వదిలేసిన బీచ్ అడవులన్నిటి సగటు తీసినా 130 దాకా వస్తుంది. కలప కోసం పెంచే అడవుల్లో ఇది చాలాచోట్ల 20 కూడా దాటదు. అడవిలో బతికే జీవజాతుల్లో ఐదో వంతుకు పైగా ఏదో ఒక దశలో ఈ చచ్చిన కలప మీదే ఆధారపడతాయని అంచనా. పచ్చగా ఉన్నదాన్ని చూసి మనం అడవి అంటాం గానీ, అడవి జనాభాలో ఇంత భాగం చచ్చినదాని మీదే బతుకుతోంది.

ఒక బీచ్ మాను చావు ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూడండి. కొమ్మ విరిగిన గాయంలోంచి శిలీంధ్రం లోపలికి పోతుంది. కొన్నేళ్లకు బెరడు మీద డెక్క ఆకారంలో గట్టి పుట్టగొడుగు బయటికి వస్తుంది. దాని లోపలి మెత్తటి భాగం నిప్పురవ్వ పడితే చాలు, చాలాసేపు రగులుతూ ఉంటుంది. 1991లో ఆల్ప్స్ మంచులో 5,300 ఏళ్లనాటి మనిషి శవం దొరికింది కదా, అతని సంచిలో కూడా ఈ పుట్టగొడుగు ముక్కలున్నాయి. శిలీంధ్రం మెత్తబరిచిన చోట నల్ల వడ్రంగిపిట్ట గూడు తొలుస్తుంది. అది వదిలేశాక అదే గూట్లోకి గుడ్లగూబ, అడవి పావురం, గబ్బిలం వంతులవారీగా చేరతాయి. చివరికి ఏదో గాలివానకు మాను నడిమికి విరుగుతుంది. కింద పడిన మొద్దు రెండు మూడు దశాబ్దాల్లో చాలావరకు మట్టిలో కలుస్తుంది. ఈలోపు దాని మీదే నాచు, నాచులో బీచ్ గింజ, గింజలోంచి మొలక.

ఈ వరసలో రొజాలియా అనే పురుగు ఉంది. నీలం కలిసిన బూడిదరంగు ఒళ్లు, నల్లటి మచ్చలు, ఒంటికన్నా పొడవైన మీసాలు. ఎక్కువగా ఎండ తగిలే చచ్చిన బీచ్ కలప మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు మూడేళ్ల దాకా లోపలే ఉండి కలప తింటుంది. అడవి పనివాళ్లు కొట్టిన బీచ్ దుంగలను దారి పక్కన ఎండలో పేరుస్తారు. పురుగుకు అంతకన్నా మంచి చోటు కనబడదు, అక్కడే గుడ్లు పెడుతుంది. తర్వాత లారీ వస్తుంది, దుంగలు పొయ్యిలోకి పోతాయి, వాటితోపాటు ఒక తరం రొజాలియా కూడా. అందుకే దుంగలను వేసవి రాకముందే అడవి నుంచి తరలించాలని సంరక్షకులు పట్టుబడతారు. పెద్ద ఖర్చేమీ లేదు, తేదీ మార్చుకుంటే చాలు.

ఓక్ కథ వేరు. బీచ్‌కు గట్టి చేవ ఉండదు, ఓక్‌కు ఉంటుంది. చేవ నిండా టానిన్లే. మన కరక్కాయలో, తుమ్మబెరడులో ఉండి తోళ్లు ఊనడానికి పనికొచ్చేవి ఆ పదార్థాలే. వాటివల్ల ఓక్ చేవ కుళ్లడానికి చాలా కాలం తీసుకుంటుంది. కుళ్లినా లోపలి నుంచి కుళ్లుతుంది, చెట్టు బతికే ఉంటుంది. చేవ ఎప్పుడో చచ్చిన కణాల ముద్ద కాబట్టి అది పోయినా ప్రాణానికి ముప్పు లేదు. నీళ్లు పైకెక్కేది దాని చుట్టూ ఉన్న లేత చెక్కలో. బోలుగా ఉన్న వెదురు నిలబడినట్టే తొర్ర పడ్డ ఓక్ కూడా వందల ఏళ్లు నిలబడుతుంది.

స్వీడన్‌లో ఓక్ చెట్ల వయసునూ తొర్రలనూ కలిపి లెక్కేశారు. వందేళ్ల లోపు చెట్లలో తొర్ర ఉన్నవి నూటికి ఒకటి కూడా లేవు. 200 నుంచి 300 ఏళ్ల చెట్లలో సగానికి ఉన్నాయి. 400 దాటినవాటిలో అన్నిటికీ ఉన్నాయి. ఈ లెక్క మొత్తం వ్యాసానికే ఆధారం. చెట్లు నాటించడానికి డబ్బు కావాలి, నీళ్లు కావాలి, అవి సంపాదించొచ్చు. తొర్రకు కావలసింది రెండు వందల ఏళ్లు.

ఆ తొర్రల్లో, పొడిపొడిగా రాలిన కలప బూజులో, హెర్మిట్ అనే పెంకుపురుగు బతుకుతుంది. పుట్టిన తొర్ర వదిలి బయటికి పోయేవి చాలా తక్కువ, మిగతావి అక్కడే పుట్టి అక్కడే పోతాయి. ఒక ముసలి ఓక్ పడిపోయి, దగ్గరలో తొర్ర ఉన్న ఇంకో ఓక్ లేకపోతే ఆ వంశం అక్కడితో సరి. కొత్త చెట్లకు తొర్ర పడేలోపు ఎలాగోలా నెట్టుకురావాలని స్వీడన్‌లో చెక్కపెట్టెలు కట్టి ఓక్ చెట్లకు తగిలించారు. వాటిలో ఓక్ రంపపు పొట్టు, ఆకులు, ఎండుగడ్డి నింపారు. కొన్నిటిలో చచ్చిన కోడిని కూడా పెట్టారు! తొర్రల్లో పక్షులు వదిలే కళేబరాలు, రెట్టల లోటు అలా తీర్చారన్నమాట. తొర్ర పురుగుల్లో చాలా జాతులు ఆ పెట్టెల్లోకి వచ్చాయి కూడా. మంచి ప్రయత్నమే, కాదనను. కానీ ఒక ముసలి చెట్టు ఊరికే చేసే పనిని మనిషి చెయ్యబోతే ఎంత తంటా పడాలో చూడండి.

ఓక్‌కు ఇంకో చిక్కుంది. అది ఎండ కోరే చెట్టు. నీడలో బీచ్ కాచుకుంటుంది, ఓక్ మొక్క చచ్చిపోతుంది. పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లో అడవిలో కొంత భాగాన్ని చిత్రకారుల ఒత్తిడి మీద 1861లో నరకకుండా వదిలేశారు. ప్రకృతి కోసం ప్రభుత్వం కాపాడిన చోట్లలో ప్రపంచంలోనే తొలి వరసలోది. చిత్రకారులు ముచ్చటపడిన ముసలి ఓక్‌లు ఒక్కొక్కటీ పోయేకొద్దీ వాటి చోట బీచ్‌లు లేచాయి. కంచె వేసి తాళం పెట్టడమే సంరక్షణ అనుకునేవాళ్లకు ఇది కొంచెం ఇబ్బంది పెట్టే ఉదాహరణ. ఏ చెట్టును కాపాడాలనుకుంటున్నామో దాని అవసరం తెలియకుండా ఒకే సూత్రం అన్నిచోట్లా పనిచెయ్యదు.

పోలండ్‌లోని బియావోవియెజా అడవిలో గొడవ దీనికి ఎదురు దిశలో జరిగింది. ఓక్, హార్న్‌బీమ్, స్ప్రూస్ కలిసిన అడవి అది, యూరప్ అడవిదున్నలకు పేరుపడ్డది. స్ప్రూస్ చెట్లను బెరడు పురుగు చంపుతోందని, అడవిని కాపాడటానికే కొడుతున్నామని చెప్పి 2016లో అక్కడి ప్రభుత్వం నరుకుడు పెంచింది. చచ్చిన చెట్లనే నమ్ముకున్న వడ్రంగిపిట్టల సంగతేమిటని శాస్త్రవేత్తలు అడిగారు. 2018 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ కోర్టు ఆ నరుకుడు చట్టవిరుద్ధమని తేల్చింది.

ఈ విషయంలో మనదేశం ముందే ఉందంటే చాలామంది నమ్మరు. జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాల నుంచి చచ్చినవి, చావబోతున్నవి, గాలికి పడినవి, ఏ చెట్లనూ తీయించొద్దని 2000 ఫిబ్రవరిలోనే మన సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఉత్తర్వులిచ్చింది. నల్లమలలో పెద్దభాగం పులుల అభయారణ్యం కాబట్టి అక్కడ పడిన మాను పడినచోటే ఉండాలి. అయితే చెంచు ఆడమనిషి తలమీద మోసుకుపోయే పుల్లల మోపు, రాత్రిపూట లారీకెక్కే మొద్దు ఒకటి కావు. రెంటినీ ఒకే గాట కడితే అన్యాయం జరిగేది మోపుకే.

యూరప్ కొలతలను తెచ్చి నల్లమల మీద పెడితే కుదరదు. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు పోయే రైల్లో మార్చిలో కూర్చుంటే కిటికీలోంచి ఆకురాలిన టేకు, చిరుమాను, నల్లమద్ది, మధ్య మధ్య వెదురు పొదలు కనిపిస్తాయి. కింద నడుమెత్తు ఎండుగడ్డి. ఏటా ఎక్కడో ఒకచోట దానికి నిప్పంటుకుంటుంది. నేలమీది కలపను కొంత నిప్పు తింటుంది, చాలావరకు చెదలు తింటాయి. చెదలు తిన్న కలప ఎలుగుబంటి కడుపులోకి చేరుతుంది, పుట్టలు తవ్వి చెదలు పీల్చడమే దాని పని కదా. కాబట్టి హెక్టారుకు 130 ఘనపు మీటర్ల కలప నల్లమల నేలమీద కనబడలేదని బాధపడక్కర్లేదు. ఇక్కడ ఆ కలప నిల్వ ఉండదు, చేతులు మారుతుంది.

తొర్ర అవసరం మాత్రం రెండు చోట్లా ఒకటే. మన హార్న్‌బిల్ పిట్ట తనంతట తాను గూడు తొలుచుకోలేదు. ఆడపిట్ట తొర్రలో దూరి, సన్నటి సందు మాత్రం వదిలి ద్వారం మూసేసుకుని గుడ్లు పెడుతుంది. మగది ఆ సందులోంచి పండ్లు అందిస్తుంది. అంత పెద్ద తొర్రకు అంత మందమైన మాను కావాలి. చిలకలకు, గోరింకలకు, పైడికంటెలకు, ఉడుములకు, పుట్టతేనె పెట్టే ఈగలకు తలా ఒక సైజు తొర్ర.

అడవిలో నడుస్తున్నప్పుడు చెట్టు మొదలు చూడండి. ఒకే మొదట్లోంచి రెండు, మూడు, నాలుగు కాండాలు లేచి ఉంటే ఆ మానును ఎప్పుడో ఒకసారి కొట్టారని చాలావరకు చెప్పొచ్చు. టేకు అలా మోడు నుంచి పిలకలు వేస్తుంది, ఎర్రచందనం కూడా. వేరుకు వయసు ఎక్కువ, పైన కాండానికి తక్కువ. 1882 మద్రాసు అటవీ చట్టం నాటి నుంచి రిజర్వు అడవులుగా ఉన్న కొండల్లోనూ ఈ గుర్తులు కనిపిస్తాయి. రిజర్వు చేసింది కొట్టకుండా ఉంచడానికి కాదు, వంతులవారీగా కొట్టుకోవడానికి.

శేషాచలం, లంకమల వైపు ఎర్రచందనం పరిస్థితి దీనికన్నా పాడు. దొంగ కోరేది చేవను. చేవ మందంగా ఉండేది ముసలి మానులోనే. అందుకే కొట్టుడు అన్ని వయసుల మీదా సమానంగా పడదు, పై వరస మీదే పడుతుంది. మిగిలిన పిలకలతో కొండ దూరం నుంచి పచ్చగానే ఉంటుంది.

ఉపగ్రహానికి కూడా పచ్చగానే ఉంటుంది. మన అటవీ సర్వే లెక్కలో ఒక హెక్టారు దాటిన ఏ నేలలోనైనా కొమ్మల నీడ పది శాతం మించితే అది అటవీ విస్తీర్ణమే, ఎవరి నేల, ఏ చెట్టు అన్నది చూడరు. మామిడితోట ఆ లెక్కలోకి వస్తుంది, నల్లమల కూడా అదే లెక్కలోకి వస్తుంది. రెండేళ్లకోసారి విస్తీర్ణం పెరిగిందని పేపర్లో చదివినప్పుడు ఏ వయసు చెట్లు పెరిగాయో, ఏవి తగ్గాయో అందులో ఉండదు. సైజులవారీగా చెట్ల లెక్క, తొర్ర మాన్ల లెక్క కావాలంటే మనుషులు టేపు పట్టుకుని కొండెక్కాలి. తొర్ర మాన్లకు నంబరు వేసి, మంటలు ఆపేందుకు దారులు నరికేటప్పుడు వాటిని తప్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు. ఏ తొర్ర ఎక్కడుందో చెంచులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, తేనె కోసం వాళ్లు తరతరాలుగా వాటి దగ్గరికే పోతున్నారు.

నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని పులుల అభయారణ్యంగా చేసింది 1983లో. పులి కోసం గీసిన ఆ గీత లోపల చెట్లకూ నలభై ఏళ్లు దాటిన విరామం దొరికింది. టేకు, మద్ది తొర్ర పడే వయసు ఓక్‌కన్నా తక్కువే కావచ్చు. స్వీడన్ ఓక్ లెక్కలో చూస్తే మాత్రం నలభై ఏళ్లంటే నూటికి ఒక్క తొర్ర కూడా పడని వయసు.